స్త్రీలపై హింస గురించి అవగాహన కల్పించే బోధనా సామగ్రి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉపాధ్యాయులు, సామాజిక కార్యకర్తలు, ఆరోగ్య సిబ్బంది, మహిళా సంఘాల బాధ్యులు ఈ విషయంపై శిక్షణ మొదలుపెట్టే ముందు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇచ్చాము. చట్టాలు, సహాయ కేంద్రాల వివరాలు ఒక్కో దేశంలో ఒక్కో విధంగా ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు. సామగ్రిని ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నంత వరకే పరిమితమయ్యాము.

అవగాహన సామగ్రి అంటే పోస్టర్లు, కరపత్రాలేనా?

కాదు. పోస్టరూ కరపత్రమూ కంటికి కనిపించేవి కనుక ముందుగా అవే గుర్తుకొస్తాయి. వాటితోపాటు చర్చా పటాలు, బొమ్మల కార్డులు, సగంలో ఆపి ప్రేక్షకులను మాట్లాడించే నాటకాలు, తరగతి పాఠాలు, ప్రదర్శనలు, రేడియో ధారావాహికలు, పొట్టి వీడియోలు, చివరికి చేతి సంకేతాలు కూడా ఈ కోవలోకే వస్తాయి. వాటిలో కొన్ని సమాచారాన్ని అందిస్తాయి, కొన్ని మనిషిని తన అభిప్రాయాన్ని తానే తరచి చూసుకునేలా చేస్తాయి. హెల్ప్‌లైన్ నంబరు అచ్చువేసిన కార్డు మొదటి రకం. ఒక కథ చదివి వినిపించి “ఇందులో తప్పు ఎవరిది?” అని అడగడం రెండో రకం. చాలా కార్యక్రమాలు మొదటి రకంతోనే ఆగిపోతున్నాయని మా పరిశీలన. దానికి కారణం లేకపోలేదు: కార్డులు ఎన్ని పంచామో లెక్కపెట్టి నివేదికలో రాసుకోవచ్చు, ఎవరి ఆలోచన ఎంత కదిలిందో అంత సులువుగా రాయలేము.

హింస అంటే కొట్టడమే కదా? ఇంకేం చెప్పాలి?

ఎక్కువ మంది ఇదే అనుకుంటారు కాబట్టే మొదటి సమావేశం ఇక్కడి నుంచే మొదలవ్వాలి. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1993 డిసెంబరులో ఆమోదించిన ప్రకటన ప్రకారం, స్త్రీ అయిన కారణంగా జరిగే ఏ చర్య అయినా ఆమెకు శారీరకంగా, లైంగికంగా లేదా మానసికంగా హాని కలిగించినా, కలిగించే అవకాశం ఉన్నా అది హింసే. అలాంటి పని చేస్తానని బెదిరించడం, బలవంతపెట్టడం, స్వేచ్ఛను హరించడం కూడా అందులో భాగమే. అది నాలుగు గోడల మధ్య జరిగినా, నడివీధిలో జరిగినా తేడా లేదని ఆ ప్రకటన స్పష్టంగా చెప్పింది.

ఈ నిర్వచనాన్ని చదివి వినిపిస్తే ఎవరికీ ఎక్కదు. దానిని కళ్లకు కట్టడానికి చాలా దేశాల్లో వాడుతున్న సాధనం “అధికారం, అదుపు” చక్రం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డులూత్ పట్టణంలో గృహహింసపై పనిచేస్తున్న బృందం 1984లో హింసకు గురైన స్త్రీలతో కూర్చుని, వారు చెప్పిన అనుభవాల నుంచి దీనిని తయారుచేసింది. చక్రం ఇరుసులో అధికారం, అదుపు అన్న మాటలుంటాయి. బయటి అంచు మీద శారీరక, లైంగిక హింస ఉంటుంది. మధ్యలో ఎనిమిది ఆకులు: బెదిరించి ఒత్తిడి చేయడం, భయపెట్టడం, మనసు నొప్పించి కించపరచడం, అయినవారికి దూరం చేయడం, జరిగినదాన్ని చిన్నది చేయడం లేదా కాదనడం లేదా ఆమె మీదికే నెట్టడం, పిల్లలను అడ్డం పెట్టుకోవడం, మగవాడినన్న పెత్తనం చూపడం, డబ్బు చేతికి అందకుండా చేయడం.

ఈ చక్రాన్ని సమావేశంలో ఎలా వాడాలి?

నింపిన పటాన్ని గోడకు అంటించి వివరించడం తేలిక. ఫలితం మాత్రం తక్కువ. ఖాళీ చక్రం గీసి, ఆకుల మీద శీర్షికలు మాత్రమే రాసి, ఉదాహరణలను పాల్గొనేవారి చేతే చెప్పించడం మేలు. “డబ్బు” అన్న ఆకు దగ్గర మొదట మౌనం ఉంటుంది. తర్వాత ఒకరు జీతం కార్డు తన దగ్గర ఉండదని అంటారు, మరొకరు ప్రతి ఖర్చుకూ లెక్క చెప్పాలని అంటారు, ఇంకొకరు ఉద్యోగానికి వెళ్లే రోజునే ఏదో ఒక గొడవ పెట్టుకోవడం గురించి చెబుతారు. అంతవరకూ “ఆయన స్వభావమే అంత” అని సర్దుకుపోయిన విషయాలు ఒక్కొక్కటిగా పటం మీదికి చేరుతుంటే, విడివిడి సంఘటనలనుకున్నవి ఒకే వరసలో ఉన్నాయని చూసేవారికే అర్థమవుతుంది. ఒక్క దెబ్బ కూడా పడకుండానే ఆకులన్నీ నిండిపోవడం అరుదేమీ కాదు.

అదే బృందం సమానత్వ చక్రాన్ని కూడా తయారుచేసింది. సమయం లేదని దాన్ని వదిలేయవద్దు. ఇది తప్పు, అది తప్పు అని చెప్పి పంపిస్తే, మరి సరైన సంబంధం ఎలా ఉంటుందన్న ప్రశ్న గాలిలోనే ఉండిపోతుంది. ముఖ్యంగా యువత ఆ ప్రశ్నతోనే వస్తారు.

ఒక హెచ్చరిక: మీ అనుభవం చెప్పండని ఎవరినీ అడగరాదు. “ఇలాంటివి ఎక్కడ విన్నారు, ఎక్కడ చూశారు?” అని అడిగితే చాలు. తమ సంగతి చెప్పుకోవాలా వద్దా అన్నది వారి ఇష్టం.

ఏ వయసు నుంచి చెప్పవచ్చు? చిన్నపిల్లలు భయపడరా?

హింస అన్న మాట ఎత్తకుండానే చిన్న వయసులో మొదలుపెట్టవచ్చు. ఐదారేళ్ల పిల్లలకు నా శరీరం నాది, వద్దంటే వద్దే, నచ్చని రహస్యాన్ని నమ్మకమైన పెద్దవారికి చెప్పవచ్చు అన్నవి చాలు. ఎనిమిది దాటాక ఆటల్లో, ఇంటి పనుల్లో అబ్బాయిలకు ఒక న్యాయం, అమ్మాయిలకు ఒక న్యాయం ఎందుకన్న చర్చ పెట్టవచ్చు. పన్నెండు పదమూడేళ్ల నుంచి అసూయ, అదుపు, సమ్మతి, ఆన్‌లైన్ వేధింపులు నేరుగా చర్చించాలి. ప్రపంచ బాలికా గైడ్ల సంఘం, ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం కలిసి 2013లో తెచ్చిన “వాయిసెస్” పాఠ్యప్రణాళిక 5 నుంచి 25 ఏళ్ల వరకు ఉన్నవారిని నాలుగు వయోవర్గాలుగా విడదీసి, ఎవరికి తగిన అభ్యాసాలు వారికి ఇచ్చింది. సొంతంగా పాఠాలు తయారుచేసుకునేవారికి ఆ విభజన మంచి నమూనా.

కౌమార వయసువారికి బాగా పనికొచ్చే సాధనం ఏదైనా ఒక్కటి చెప్పగలరా?

ఒక్కటే చెప్పమంటే మేము స్కేలును చెబుతాము. మెక్సికోలోని జాతీయ పాలిటెక్నిక్ సంస్థ 2009లో “వయొలెంటోమెట్రో” అనే కొలబద్దను తయారుచేసింది. చూడటానికి విద్యార్థి పెట్టెలో ఉండే స్కేలే. సెంటీమీటర్ల గీతల పక్కన అంకెలతోపాటు మాటలుంటాయి. కింది భాగంలో నొప్పించే హాస్యాలు, అబద్ధాలు, పట్టించుకోనట్లు ఉండటం, అసూయ, నిందించడం వంటివి కనిపిస్తాయి. మధ్యకు వచ్చేసరికి వస్తువులు పగలగొట్టడం, ఆటకన్నట్లు కొట్టడం, నెట్టడం, చెంపదెబ్బ కొట్టడం వస్తాయి. పై భాగంలో చంపుతానని బెదిరించడం, లైంగిక దాడి, చిట్టచివరి గీత దగ్గర హత్య. రంగు కూడా భాగాన్ని బట్టి మారుతూ పోతుంది.

దీని బలం ఎక్కడుందంటే, తరగతిలో కూర్చున్న పదిహేనేళ్ల అమ్మాయి తన వేలిని స్కేలు మీద పెట్టి తాను ఎక్కడున్నదో ఎవరికీ చెప్పకుండా చూసుకోగలదు. తన ఫోన్ తీసి ఎవరితో మాట్లాడావని నిలదీసే స్నేహితుడి ప్రవర్తన ప్రేమకు గుర్తు కాదనీ, ఆ గీత కూడా ఇదే స్కేలు మీద ఉందనీ తెలుసుకోవడానికి ఉపన్యాసం అక్కర్లేదు. అయితే స్కేలును చూపిస్తూ హింస ఎప్పుడూ ఒక్కో గీతా ఎక్కుతూనే పోతుందని చెప్పకూడదు. కొన్ని సంబంధాల్లో అది కింది గీతల దగ్గరే ఏళ్ల తరబడి ఉండిపోతుంది, కొన్నింట్లో ఒక్కసారిగా పైకి దూకుతుంది. అందువల్ల “నేనింకా కిందే ఉన్నాను, పర్వాలేదు” అన్న భ్రమకు చోటివ్వకుండా మాట్లాడాలి.

కమిలిన ముఖాల ఫోటోలు పెడితే ప్రభావం ఎక్కువ ఉంటుంది కదా?

కళ్లు తిప్పుకోలేనంత ప్రభావం ఉంటుంది, నిజమే. కానీ ఆ ఫోటో రెండు తప్పులు నేర్పుతుంది. గాయం కనిపిస్తేనే హింస అన్నది మొదటిది. ఇంట్లో రోజూ మాటలు పడుతున్న స్త్రీ ఆ పోస్టరును చూసి తన పరిస్థితి అంత ఘోరంగా లేదులే అనుకుంటుంది. రెండోది, చూసేవారి దృష్టంతా దెబ్బ తిన్న మనిషి మీదే నిలిచి, కొట్టినవాడు చిత్రంలోంచి మాయమవుతాడు. నోటి మీద చెయ్యి, మూలన ముడుచుకున్న ఆకారం, చీకటి గది వంటి చిత్రాలకూ ఇదే లోపం ఉంది. సహాయం అడుగుతున్న స్త్రీ, ఆమె మాట వింటున్న పొరుగింటివారు, తప్పు చేస్తున్న స్నేహితుడిని పక్కకు తీసుకెళ్లి మాట్లాడుతున్న యువకుడు ఉన్న చిత్రాలు అంత సంచలనంగా ఉండకపోవచ్చు. చూసినవారికి తామేం చేయవచ్చో మాత్రం అవి చెబుతాయి.

గణాంకాలు వాడవచ్చా?

వాడాలి, ఆచితూచి వాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన అంచనాల ప్రకారం 15 ఏళ్లు, అంతకు పైబడిన స్త్రీలలో దాదాపు 30 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు భాగస్వామి చేతిలో శారీరక లేదా లైంగిక హింసను గాని, ఇతరుల చేతిలో లైంగిక హింసను గాని ఎదుర్కొన్నారు. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2023లో సుమారు 51,100 మంది స్త్రీలు, బాలికలు భాగస్వాముల చేతిలోనో కుటుంబ సభ్యుల చేతిలోనో హత్యకు గురయ్యారు. అంటే సగటున రోజుకు 140 మంది. ప్రమాదం తెలియని వీధిలో, తెలియని మనిషి దగ్గర ఉంటుందన్న నమ్మకాన్ని సరిదిద్దడానికి ఈ రెండో అంకె చాలా ఉపయోగపడుతుంది.

ముగ్గురిలో ఒకరు అన్న మాటను మాత్రం అక్కడితో ఆపవద్దు. అంత మందికి జరుగుతోందంటే అది లోక సహజమన్న భావన కలిగే అవకాశం ఉంది. కొట్టేవాడికైతే, అందరూ చేసేదే తానూ చేస్తున్నానన్న సమర్థన దొరికినట్లవుతుంది. ఆ అంకె చెప్పిన వెంటనే ఆ గదిలో ఉన్నవారిలో ఎందరు దీనిని తప్పుగా భావిస్తున్నారో చేతులెత్తమని అడగండి. ఎత్తిన చేతుల సంఖ్యే అక్కడున్నవారికి బలమైన గణాంకం.

చదువు రానివారికి ఏ సామగ్రి మేలు?

బొమ్మలు, కథలు, నాటకం. బొమ్మల కార్డులను ముందుగా నలుగురైదుగురికి చూపించి, అందులో ఏం జరుగుతోందో చెప్పమనండి. గీసినవారు అనుకున్నది ఒకటి, చూసినవారికి తోచేది ఒకటి కావడం తరచుగా జరుగుతుంది.

నాటకం అంటే వీధిలో ఆడి వెళ్లిపోవడమేనా?

అలా ఆడినా కొంత మేలు ఉంటుంది. కానీ ఈ విషయానికి బాగా సరిపోయేది బ్రెజిల్ రంగస్థల దర్శకుడు ఆగస్టో బోఆల్ 1970లలో రూపొందించిన చర్చా నాటకం. అందులో కథ అన్యాయంగా ముగుస్తుంది. తర్వాత అదే నాటకాన్ని మళ్లీ మొదలుపెడతారు. ఈసారి ప్రేక్షకుల్లో ఎవరైనా “ఆగండి” అని లేచి, ఒక పాత్ర స్థానంలోకి వచ్చి, తానైతే ఏం చేస్తుందో చేసి చూపించవచ్చు.

ఉదాహరణకు ఈ చిన్న కథ తీసుకోండి. ఒకామె ఉద్యోగం నుంచి గంట ఆలస్యంగా ఇంటికి వస్తుంది. భర్త తలుపు తీయడు. అత్తగారు లోపలి నుంచి “చెప్పిన వేళకు రావాలి కదమ్మా” అంటుంది. పక్కింటి తలుపు కొద్దిగా తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. తలుపు తీశాక ఫోన్ లాక్కోవడం, అరుపులు, చివరికి చెయ్యి చేసుకోవడం. మొదటిసారి చూసినవారు సాధారణంగా భార్య పాత్రనే మార్చాలని చూస్తారు: ముందే ఫోన్ చేసి ఉండాల్సింది, ఎదురు చెప్పకుండా ఉండాల్సింది అంటారు. నడిపించేవారు ఓపికగా ఆ ప్రయత్నాలన్నీ ఆడనివ్వాలి. ఆమె ఎలా ప్రవర్తించినా మరో సాకు దొరుకుతోందని రెండు మూడు సార్లు ఆడేసరికి తేలిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు అత్తగారి పాత్రలోకి వస్తారు, లేదా ఆ పక్కింటి తలుపు తెరుస్తారు. సమావేశం అసలు అప్పుడే మొదలవుతుంది. కొట్టేవాడి పాత్రను మాత్రం ప్రేక్షకుల చేత మార్పించడం మొదట్లోనే వద్దు. అతను ఉన్నట్లుండి మంచివాడైపోతే ఇక చర్చించడానికి ఏమీ మిగలదు.

అందరి నోళ్లలో ఉండే మాటలను సామగ్రిగా వాడుకోవచ్చా?

తప్పకుండా. “ఇంటి గుట్టు లంకకు చేటు”, “రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు”, “మొగుడూ పెళ్లాల గొడవలో మనమెందుకు” వంటి మాటలను ఒక్కో కాగితం మీద రాసి, ఈ మాట ఎవరు ఎవరితో అంటారు, ఎప్పుడు అంటారు, అది విన్న స్త్రీ ఆ తర్వాత ఏం చేస్తుంది అని అడగండి. ఆ మాటలు చెడ్డవని మీరే తీర్పు చెప్పవద్దు. ఇవే మాటలు మరోచోట మంచి సలహా కూడా కావచ్చు, పాల్గొనేవారిలో పెద్దవారు ఆ సంగతి మీకు గుర్తుచేస్తారు. అయితే కొట్టే చెయ్యి ఒక్కటే ఉన్నచోట చప్పట్ల సామెత ఎవరిని కాపాడుతోందన్న ప్రశ్న వారి మధ్యనే పుట్టాలి.

మగవారిని ఎలా కలుపుకోవాలి? వారు రాగానే గొడవకు దిగుతారు కదా?

నేరస్థులుగా పిలిస్తే ఎవరైనా గొడవకే దిగుతారు. బాధ్యత పంచుకోగలవారిగా పిలవాలి. అలాగని పొగడ్తలతో ముంచెత్తి, నిజాన్ని నీరుగార్చడమూ సరికాదు. కెనడాలోని మాంట్రియల్‌లో 1989 డిసెంబరు 6న ఒక ఇంజనీరింగ్ విద్యాసంస్థలో 14 మంది స్త్రీలను ఒక సాయుధుడు కాల్చి చంపిన తర్వాత, 1991లో ఆ దేశంలోని కొందరు పురుషులు తెల్ల రిబ్బన్ ఉద్యమాన్ని ప్రారంభించారు. హింస చేయబోమని, చూస్తూ ఊరుకోబోమని, దాని గురించి మౌనం వహించబోమని ప్రతిజ్ఞ చేసి రిబ్బన్ ధరించడం దాని పద్ధతి. అది చాలా దేశాలకు పాకింది. రిబ్బన్ పెట్టుకోవడం సులువు, స్నేహితుల బృందంలో ఒక వెకిలి హాస్యానికి నవ్వకుండా ఉండటం కష్టం. అందుకే మగవారి సమావేశాల్లో రెండోదాన్నే సాధన చేయించాలి.

మొదట్లో మగవారిని, ఆడవారిని వేర్వేరుగా కూర్చోబెట్టి, కొన్ని సమావేశాల తర్వాత కలపడం మంచిది. ఒకే ఇంటివారు ఒకే బృందంలో ఉంటే ఆమె నోరు విప్పదు. విప్పితే ఇంటికి వెళ్లాక దాని ఫలితం అనుభవించవలసి రావచ్చు.

“మగవారిపైనా హింస జరుగుతోంది కదా” అని ఎవరైనా అంటే?

జరుగుతుందని ఒప్పుకోండి, అలాంటి వారికీ సహాయం అందాలని చెప్పండి. ఈ సమావేశం స్త్రీలపై జరిగే హింసకు ఎందుకు కేటాయించామో రెండు వాక్యాల్లో వివరించి ముందుకు సాగండి. ఆ ప్రశ్న దగ్గరే గంట గడిచిపోనివ్వవద్దు.

ఇరుగుపొరుగువారు ఏం చేయాలో నేర్పే సామగ్రి ఉందా?

ఉంది, పైగా మంచి ఫలితాలు ఇస్తున్న రంగం ఇది. భారతదేశంలో బ్రేక్‌త్రూ సంస్థ 2008లో నడిపిన “బెల్ బజావో” ప్రచారంలోని ఒక దృశ్యంలో, పక్కింట్లో అరుపులు విన్న మనిషి వెళ్లి గంట మోగించి, కొంచెం పాలు కావాలని అడుగుతాడు. పాలతో అతనికి పని లేదు. బయట ఒకరు వింటున్నారని లోపలివారికి తెలియజేయడమే ఆ గంట పని. సాహసం చేయనక్కర్లేదని, సాకు ఒకటి చాలునని చూపడం వల్లే అది అంతగా జనంలోకి వెళ్లింది.

శిక్షణలో మూడు మార్గాలు సాధన చేయిస్తాము: నేరుగా మాట్లాడటం, దృష్టి మళ్లించడం, తనకన్నా తగినవారిని పిలవడం. మూడింటిలో ఏది సురక్షితమో ఆ సందర్భమే చెబుతుంది. ఆయుధం ఉన్నచోట, తాగి ఉన్నచోట నేరుగా తలదూర్చడం ఎవరికీ మంచిది కాదు. ఆ తర్వాత ఆమెను ఒంటరిగా కలిసి “నేను విన్నాను, నీకేం సహాయం కావాలి?” అని అడగడమన్నది చాలామంది మరచిపోయే పని. దానికి కూడా అభ్యాసం కావాలి.

సమావేశం మధ్యలో ఎవరైనా తన బాధ చెప్పుకుంటే ఏం చేయాలి?

ఇది జరుగుతుందన్న అంచనాతోనే మీరు గదిలోకి అడుగుపెట్టాలి. సరైన సామగ్రి ఉండి, సహాయం అందించే ఏర్పాటు లేకపోతే సమావేశాన్ని వాయిదా వేయడమే న్యాయం. ఎవరినైనా కదిలించి, నోరు విప్పించి, ఆ తర్వాత మా దగ్గర ఏమీ లేదని చేతులెత్తేయడం ఆమెకు మరో గాయం అవుతుంది. ఆ ప్రాంతంలోని కౌన్సెలర్, ఆసుపత్రి, న్యాయ సహాయం, ఆశ్రయ గృహం, హెల్ప్‌లైన్ వివరాలు ముందే సేకరించి, ప్రతి నంబరుకూ స్వయంగా ఫోన్ చేసి అది పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. ఇద్దరు నడిపించేవారు ఉంటే ఒకరు ఆమెతో పక్క గదిలోకి వెళ్లవచ్చు, మరొకరు సమావేశాన్ని కొనసాగించవచ్చు.

ఆరోగ్య సిబ్బంది కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఐదు మెట్లు ఇతరులకూ ఉపయోగపడతాయి: శ్రద్ధగా వినడం, అవసరాలేమిటో అడగడం, ఆమె మాట నమ్ముతున్నామని తెలియజేయడం, భద్రత గురించి ఆలోచించడం, తోడ్పాటుకు దారి చూపడం. ఎందుకు ఇన్నాళ్లు ఊరుకున్నావు, నువ్వేమన్నావు, పిల్లల కోసమైనా సర్దుకోరాదా వంటి మాటలు నోటి దాకా వచ్చినా ఆపుకోవాలి. ఆమె తరఫున మీరు నిర్ణయం తీసుకోకూడదు. బాలికలు చెప్పుకున్నప్పుడు మాత్రం అధికారులకు తెలియజేయవలసిన చట్టపరమైన బాధ్యత అనేక చోట్ల ఉంటుంది. కాబట్టి ఏ విషయాన్ని గోప్యంగా ఉంచగలరో, దేన్ని ఉంచలేరో సమావేశం మొదట్లోనే అందరికీ చెప్పాలి.

“అంత కష్టమైతే వదిలేసి రావచ్చు కదా” అన్నదానికి సమాధానం ఏమిటి?

వదిలి వెళ్లే సమయమే చాలామందికి అత్యంత ప్రమాదకరమైన సమయం. అదుపు చేజారుతోందని తెలిసినప్పుడు హింస తీవ్రం కావచ్చు. అందువల్ల “వెంటనే బయటకు రండి” అన్న నినాదాన్ని పోస్టరు మీద అచ్చువేయవద్దు. ముఖ్యమైన పత్రాలు ఎక్కడ ఉంచాలి, ఎవరికి ముందుగా చెప్పాలి, పిల్లలకు ఏ గుర్తు మాట నేర్పాలి వంటి భద్రతా ప్రణాళికను శిక్షణ పొందిన కౌన్సెలర్‌తో కలిసి వేసుకోవచ్చని చెప్పండి.

ఫోన్, ఇంటర్నెట్ ద్వారా అవగాహన కల్పించేటప్పుడు ఏం గమనించాలి?

మీరు పంపిన సందేశాన్ని ఆమెకన్నా ముందు అతను చదవవచ్చు. దీన్ని మనసులో ఉంచుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి. గృహహింస అన్న పేరుతో వాట్సాప్ గ్రూపు పెట్టడం, ఇంటి నంబరుకు తిరిగి ఫోన్ చేయడం, పేరు కనబడేలా వీడియో కింద వ్యాఖ్య రాయమనడం ఇవన్నీ ప్రమాదకరం. వెబ్‌సైటు తయారుచేస్తే ఒక్క నొక్కుతో వేరే పేజీకి వెళ్లిపోయే బటన్ పెట్టండి. అది చూసిన పేజీల చరిత్రను చెరిపివేయదని కూడా అక్కడే రాయండి.

ఈ ఇబ్బంది నుంచే ఒక చక్కని సాధనం పుట్టింది. కోవిడ్ లాక్‌డౌన్లలో స్త్రీలు ఇళ్లలో చిక్కుకుపోయినప్పుడు, 2020 ఏప్రిల్‌లో కెనడా మహిళా ఫౌండేషన్ ఒక చేతి సంకేతాన్ని ప్రచారంలోకి తెచ్చింది. అరచేతిని ఎదుటివారికి చూపి, బొటనవేలిని లోపలికి మడిచి, మిగిలిన నాలుగు వేళ్లను దాని మీదికి మూయాలి. వీడియో కాల్‌లో మామూలు కబుర్లు చెబుతూనే దీన్ని చూపవచ్చు. 2021లో అమెరికాలోని కెంటకీలో కారులో ఉన్న ఒక బాలిక ఈ సంకేతాన్ని చూపగా, మరో వాహనంలోని వ్యక్తి గుర్తించి పోలీసులకు తెలియజేయడంతో ఆమె బయటపడింది. సంకేతాన్ని నేర్పేటప్పుడు, దాన్ని చూసినవారు ఏం చేయాలో కూడా నేర్పాలి. చూసిన వెంటనే ఆ ఇంటి మీదికి వెళ్లడం కాదు, సురక్షితమైన మార్గంలో ఆమెను సంప్రదించి అవసరమేమిటో కనుక్కోవడం ఆ పని. ఆమె ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పు ఉందనిపిస్తే అత్యవసర సేవలకు ఫోన్ చేయాలి.

నవంబరు 25న ఒక కార్యక్రమం చేస్తే సరిపోతుందా?

సరిపోదు, కానీ ఆ రోజును వృథా చేయనక్కర్లేదు. డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత ట్రుహీయో పాలనను ఎదిరించిన మిరాబాల్ సోదరీమణులు ముగ్గురిని 1960 నవంబరు 25న హత్య చేశారు. 1981లో బొగొటాలో సమావేశమైన లాటిన్ అమెరికా స్త్రీవాదులు ఆ తేదీని హింస వ్యతిరేక దినంగా ఎంచుకున్నారు. 1999లో ఐక్యరాజ్యసమితి దానిని అధికారికంగా ప్రకటించింది. నవంబరు 25 నుంచి మానవ హక్కుల దినమైన డిసెంబరు 10 వరకు ఏటా సాగే పదహారు రోజుల ప్రచారం 1991లో మొదలైంది. ఆ పదహారు రోజులను, ఏడాది పాటు జరిగే పనికి మనుషులను చేర్చుకునే సమయంగా వాడుకోవాలి. ర్యాలీకి వచ్చినవారి పేర్లు రాసుకుని జనవరిలో మొదటి సమావేశం పెట్టనివారికి ర్యాలీ ఫోటో ఒక్కటే మిగులుతుంది.

ఇవన్నీ నిజంగా హింసను తగ్గిస్తాయా?

కొన్ని తగ్గిస్తాయి. ఏవి తగ్గిస్తాయో చూస్తే వాటన్నిటికీ ఒక లక్షణం ఉమ్మడిగా కనిపిస్తుంది: అవి ఎక్కువ కాలం, తిరిగి తిరిగి, అదే మనుషులతో జరిగాయి.

ఉగాండాలో రెయిజింగ్ వాయిసెస్ సంస్థ రూపొందించిన “సాసా” కార్యక్రమంలో బయటి నిపుణులు కాకుండా ఆ బస్తీల్లోనే ఉండే స్త్రీపురుషులు బొమ్మల పోస్టర్లు, కార్డులు, చిన్న నాటకాలతో బావుల దగ్గర, దుకాణాల ముందు, ఇళ్ల గడపల్లో ఏళ్ల తరబడి మాట్లాడుతూ వచ్చారు. హింస తప్పు అని మొదలుపెట్టకుండా, అధికారం అంటే ఏమిటి, అది మన చేతిలో ఉన్నప్పుడు ఏం చేస్తాము అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం దాని ప్రత్యేకత. కంపాలాలో ఎనిమిది సముదాయాల్లో జరిపిన పరిశీలన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. కార్యక్రమం జరిగిన చోట్ల భాగస్వామి చేసే శారీరక హింస, జరగని చోట్లకన్నా 52 శాతం తక్కువగా నమోదైంది. సముదాయాలు ఎనిమిదే కనుక ఆ అంకెను రాతిమీద గీతలా చూడకూడదు, అయితే అది సూచించే దిశ మాత్రం విలువైనది.

దక్షిణాఫ్రికాలో, హెచ్.ఐ.వి. నివారణ కూడా లక్ష్యంగా ఉన్న “స్టెప్పింగ్ స్టోన్స్” కార్యక్రమం మీద జరిగిన పెద్ద పరిశీలన 2008లో ప్రచురితమైంది. అందులో ఒక వర్గం యువతీయువకులు ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు దాదాపు 50 గంటలు కూర్చున్నారు. పోలిక కోసం తీసుకున్న మరో వర్గానికి ఒకే ఒక్క మూడు గంటల సమావేశం ఇచ్చారు. రెండేళ్ల తర్వాత చూస్తే, ఎక్కువ కాలం కూర్చున్న యువకులు తాము హింసకు పాల్పడ్డామని చెప్పడం తగ్గింది. హెచ్.ఐ.వి. సోకడం మాత్రం తగ్గలేదు. ఒక కార్యక్రమం అన్నిటినీ మార్చదనడానికి ఈ రెండో ఫలితాన్ని కూడా శిక్షకులకు చెబుతాము.

ఫలితాన్ని ఎలా కొలవాలి?

సమావేశానికి ముందూ తర్వాతా ఒకే ప్రశ్నపత్రం ఇస్తే సమాచారం ఎంత చేరిందో తెలుస్తుంది. ప్రవర్తన మారిందో లేదో అది చెప్పదు. ఎలాంటి జవాబు మీకు నచ్చుతుందో పాల్గొనేవారికి అప్పటికే తెలిసి ఉంటుంది కూడా. ఆరు నెలల తర్వాత వెళ్లి “ఈ మధ్య ఎవరింట్లోనైనా గొడవ జరిగితే మీరేం చేశారు?” అని అడిగి వచ్చిన జవాబులకు విలువ ఎక్కువ. ప్రచారం తర్వాత ఫిర్యాదులు పెరిగితే కార్యక్రమం విఫలమైందని నిధులిచ్చేవారు కంగారుపడుతుంటారు. దాచుకున్నది బయటికి రావడం వల్ల కూడా ఆ సంఖ్య పెరుగుతుందని వారికి ముందుగానే చెప్పి ఉంచాలి. ఇళ్లకు వెళ్లి హింస గురించి అడిగే సర్వేను తగిన శిక్షణ లేకుండా తలపెట్టవద్దు. ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే, ఎవరూ వినని చోట అడగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే పెట్టిన నియమం.

వేరే దేశంలో తయారైన సామగ్రిని అనువదించి వాడుకోవచ్చా?

హక్కుదారుల అనుమతి తీసుకుని వాడుకోవచ్చు. కానీ మాటలు మార్చినంత మాత్రాన పని అయిపోదు. బొమ్మలోని ఇల్లు, దుస్తులు, పేర్లు మార్చడం సులువైన భాగం. ఆ సామగ్రిలోని స్త్రీ సహాయం కోసం ఎక్కడికి వెళ్లిందో, ఆ తలుపు మీ దగ్గర ఉందో లేదో చూడటం అసలు భాగం. అలాగే ఖర్చు తగ్గించుకోవడానికి సమావేశాల సంఖ్య కోసేసి, పేరు మాత్రం అదే ఉంచడం సరైన పద్ధతి కాదు. ముందుగా ఒక చిన్న బృందంతో ప్రయత్నించి, ఎక్కడ నవ్వు వచ్చింది, ఎక్కడ అర్థం కాలేదు, ఎక్కడ ఎవరు లేచి వెళ్లిపోయారు అన్నది రాసుకుని, ఆ తర్వాతే అచ్చుకు ఇవ్వండి.

డబ్బు పెద్దగా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పెద్ద కాగితం ఒకటి, స్కెచ్ పెన్నులు, ఖాళీ చక్రం, ఒక చిన్న కథ, సరిచూసుకున్న నంబర్ల కార్డు ఉంటే మొదటి నాలుగు సమావేశాలు నడుస్తాయి. ఆ కార్డును చేతిలో ఇమిడిపోయేంత చిన్నదిగా, పైన హింస అన్న మాట కనబడకుండా అచ్చువేయించండి. స్త్రీల మరుగుదొడ్ల తలుపు లోపలి వైపున అంటిస్తే, ఎవరూ చూడకుండా నంబరు రాసుకోవడానికి వీలుంటుంది. ఉన్న డబ్బులో కొంత నడిపించేవారి కోసం ఉంచండి. వారిలోనూ ఇలాంటి అనుభవం ఉన్నవారు ఉంటారు. రోజంతా ఇతరుల కథలు విన్నాక వారు కూడా ఎవరితోనైనా మాట్లాడుకోవాలి. నెలకొకసారి కౌన్సెలర్‌తో వారికి ఒక గంట ఏర్పాటు చేయడం అనవసరపు ఖర్చుగా కనిపిస్తుంది, బడ్జెట్ కోతలో మొదట పోయేదీ అదే. ఆ పద్దును మాత్రం కొట్టివేయనివ్వకండి.